జట్టును నిలబెట్టినవాడు – జిమ్మీ మర్ఫీ

ఇంగ్లండులో ఫుట్‌బాల్ పోటీ చూడడానికి వచ్చేవారికి మైదానం బయట ఒక చిన్న పుస్తకం అమ్ముతారు. ఆనాడు ఆడబోయే రెండు జట్ల ఆటగాళ్ల పేర్లూ అందులో అచ్చువేసి ఉంటాయి. 1958 ఫిబ్రవరి 19వ తేదీ సాయంత్రం మాంచెస్టర్ నగరంలోని ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానానికి దాదాపు 60 వేలమంది వచ్చారు. వారి చేతుల్లోని పుస్తకంలో ఒకవైపు షెఫీల్డ్ వెన్స్‌డే జట్టు ఆటగాళ్ల పేర్లు పదకొండూ ఉన్నాయి. రెండోవైపు, మాంచెస్టర్ యునైటెడ్ జట్టు ఉండవలసిన చోట, పదకొండు ఖాళీలు ఉన్నాయి. పుస్తకం అచ్చుకు వెళ్లేనాటికి ఆ జట్టు తరఫున ఎవరు ఆడతారో చెప్పగలిగినవారు లేకపోయారు.

ఆ ఖాళీలు పూరించవలసిన భారం ఒక్క మనిషి మీద పడింది. ఆయన పేరు జిమ్మీ మర్ఫీ. ఆయన ఇంగ్లండు దేశస్థుడు కాడు, వేల్స్ దేశస్థుడు.

బ్రిటన్ ద్వీపంలో ఇంగ్లండు, స్కాట్లండు, వేల్స్ అని మూడు భాగాలున్నాయి. పడమటి వైపున ఉన్న చిన్న కొండల దేశం వేల్స్. దానికి సొంత భాష ఉంది. వెల్ష్ అనే ఆ భాషకూ ఇంగ్లీషుకూ పోలిక చాలా తక్కువ. ఇంట్లో ఒక భాష, వీధిలో మరొక భాష వింటూ పెరిగే మీకు ఇటువంటి ప్రాంతం ఎలా ఉంటుందో విడమరచి చెప్పనక్కరలేదు. మూడింటికీ ఉమ్మడి పార్లమెంటు లండన్‌లో ఉన్నా, ఫుట్‌బాల్‌లో మాత్రం వేల్స్ వేరు, ఇంగ్లండు వేరు. ఎవరి జాతీయ జట్టు వారిదే. వేల్స్‌లో పుట్టినవాడు ఇంగ్లండులోని ఒక క్లబ్బులో జీతానికి ఆడవచ్చు. జాతీయ జట్టుకు ఆడేటప్పుడు మాత్రం తన దేశం తరఫునే ఆడాలి. ఈ నియమాన్ని గుర్తుంచుకోండి. మర్ఫీ ప్రాణం నిలవడానికి ఒక విధంగా ఇదే కారణమైంది.

మర్ఫీ 1910 ఆగస్టు 8న రోండా లోయలోని పెంట్రే గ్రామంలో జన్మించాడు. తండ్రి ఐర్లండువాడు, తల్లి వేల్స్ స్త్రీ. రోండా అంటే బొగ్గు గనుల లోయ. కొండ వాలున బారులు తీరిన చిన్న ఇళ్లు, గని కూత విని పనికి వెళ్లే మగవారు, బొగ్గు నుసి పట్టిన బట్టలు – ఇదీ అక్కడి బ్రతుకు. కోలారు బంగారు గనులు 2001లో మూతపడ్డాయి గాని, ఆ ఊళ్లో పెద్దవాళ్లుంటే అడగండి, గని ఊరు అంటే ఏమిటో వాళ్లు చెబుతారు. రోండా పిల్లలకు ఆటలంటే ప్రాణం, పాటలంటే ప్రాణం. మర్ఫీకి రెండూ అబ్బాయి. బాల్యంలో చర్చిలో ఆర్గాన్ వాయించేవాడు. వేల్స్ పాఠశాల బాలుర జట్టులో ఫుట్‌బాల్ ఆడాడు.

1928లో వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్ అనే ఇంగ్లండు క్లబ్బు ఆయనను చేర్చుకొంది. అప్పటినుంచి ఆటే ఆయన వృత్తి. హాఫ్‌బ్యాక్ స్థానంలో ఆడేవాడు. అంటే వెనుక గోలును కాచేవారికీ, ముందు గోలు చేసేవారికీ నడుమ ఉండే స్థానం. ఎదుటివాడి కాలినుంచి బంతిని లాక్కొని తనవాడికి అందించడం ఆ స్థానంలోని వాడి పని. గోలు చేసినవాడికి దక్కే చప్పట్లు ఇతనికి దక్కవు. ఆ క్లబ్బుకు మర్ఫీ రెండు వందలకు పైగా పోటీలు ఆడాడు. వేల్స్ జాతీయ జట్టుకు 15 సార్లు ఆడాడు. 1935లో ఇంగ్లండు ఎఫ్.ఎ. కప్పు ఫైనల్లో ఆల్బియన్ జట్టు 2–4 తేడాతో ఓడిపోయింది. ఓడిన జట్టులో మర్ఫీ ఉన్నాడు. ఓడించిన జట్టు షెఫీల్డ్ వెన్స్‌డే. ఈ పేరు ఇంతకు ముందే మీరు చదివారు.

1939లో ఆయన స్విండన్ టౌన్ క్లబ్బుకు మారాడు. అంతలో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆటగాడు సైనికుడయ్యాడు. ఉత్తర ఆఫ్రికా ఎడారులలో పనిచేసి, అక్కడినుంచి ఇటలీకి చేరాడు. యుద్ధం ముగిసేనాటికి ఆయన వయసు 35. ఫుట్‌బాల్ ఆటగాడికి అది దాదాపు వృద్ధాప్యం. చేతిలో వేరే విద్య లేదు.

1945లో ఇటలీలోని బారి పట్టణంలో సైనికులను ఒకచోట చేర్చి మర్ఫీ ఫుట్‌బాల్ గురించి మాట్లాడుతున్నాడు. యుద్ధంతో అలసిపోయిన మనుషులు చుట్టూ చేరి, కదలకుండా ఆయన మాటలే వింటున్నారు. అదే సమయంలో సైనిక ఫుట్‌బాల్ జట్టుతో ఇటలీకి వచ్చిన ఒక స్కాట్లండు మనిషి ఆ గుంపు వెనుక నిలబడి విన్నాడు. ఆయన మాట్ బస్బీ. యుద్ధం ముగియగానే మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బుకు మేనేజరుగా వెళ్లవలసినవాడు. బస్బీ కూడా బొగ్గు గనుల ఊరివాడే. ప్రసంగం అయిపోగానే మర్ఫీ దగ్గరకు వచ్చి, తనతో మాంచెస్టర్‌కు రమ్మని అడిగాడు. మనిషిని ఎన్నుకోవడంలో బస్బీకి గొప్ప చూపు ఉందని అందరూ అంటారు. ఆయన ఎన్నుకొన్న వాళ్లందరిలోకీ గొప్ప ఎన్నిక ఇదేనని నా అభిప్రాయం.

వారు చేరేనాటికి ఆ క్లబ్బుకు మైదానమే లేదు. 1941లో జర్మను విమానాలు వేసిన బాంబులకు ఓల్డ్ ట్రాఫర్డ్ శిథిలమైంది. 1949 వరకూ సొంత మైదానంలో ఆడే వీలు లేక, పొరుగు క్లబ్బు మైదానం అద్దెకు తీసుకొన్నారు. పేరున్న ఆటగాళ్లను కొనడానికి క్లబ్బు దగ్గర డబ్బు అంతంత మాత్రమే. అందుచేత బస్బీ, మర్ఫీ ఒక నిర్ణయానికి వచ్చారు: కొనడానికి బదులు పెంచుదాం. పదిహేనేళ్ల పిల్లలను వెతికి తెచ్చి, నాలుగైదేళ్లు నేర్పి, సొంత జట్టును తయారుచేసుకొందాం. వెతికి తేవడానికి వేరే మనుషులున్నారు. నేర్పే పని మర్ఫీది.

ఆయన నేర్పే పద్ధతిలో వింతలేమీ లేవు. బంతిని రెండు కాళ్లతోనూ సమానంగా తన్నగలగాలి. కుడికాలివాటం పిల్లవాడిచేత ఎడమకాలితోనే గంటలతరబడి గోడకేసి తన్నించేవాడు. బంతి అందగానే దగ్గరలో ఉన్న తన జట్టువాడికి ఇవ్వాలి, ఇచ్చినవెంటనే ఖాళీచోటికి పరుగెత్తాలి. ఇంతే. అయితే ఈ ‘ఇంతే’ అన్నది ఒళ్లు అలసిన తరువాత కూడా తప్పకుండా జరిగేవరకు వదిలేవాడు కాడు. తానే బూట్లు వేసుకొని పిల్లల మధ్య ఆటలో దిగేవాడు. మోకాళ్లు చెక్కుకుపోయేలా ఢీకొనేవాడు. గొంతు బొంగురుపోయేదాకా కేకలు వేసేవాడు. ఆట అయిపోయాక అదే పిల్లవాడి భుజం మీద చేయి వేసి నడిచేవాడు. పగలు కర్మాగారాల్లో పనిచేసే పిల్లలకు మంగళ, గురువారాల సాయంత్రాల్లో ‘ది క్లిఫ్’ అనే మైదానంలో శిక్షణ ఉండేది. అలా పగలు ఒక ఇంజనీరింగు కర్మాగారంలో పనిచేస్తూ సాయంత్రం మర్ఫీ దగ్గరకు వచ్చినవారిలో బాబీ చార్ల్‌టన్ ఒకడు. 1966లో ఇంగ్లండు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు ఆ జట్టులో ముఖ్యుడు ఆయనే. తనకు ఆట నేర్పినవాడు మర్ఫీ అని చార్ల్‌టన్ జీవితాంతం చెప్పుకొన్నాడు.

ఫలితం త్వరలోనే కనిపించింది. 1952లో ఇంగ్లండులో యువకుల జట్లకు ఎఫ్.ఎ. యూత్ కప్పు మొదలైంది. 1953 నుంచి 1957 వరకు ఐదేళ్లూ దానిని మాంచెస్టర్ యునైటెడ్ పిల్లలే గెలిచారు. ఆ పిల్లలే పెద్ద జట్టులోకి వచ్చి 1956లోను, 1957లోను దేశంలోని మొదటి శ్రేణి లీగులో విజేతలయ్యారు. పత్రికలవారు ఆ జట్టుకు ‘బస్బీ పసివాళ్లు’ అని పేరు పెట్టారు. పేరు బస్బీది, పెంపకంలో పెద్ద పాలు మర్ఫీది. ఈ సంగతిని అందరికంటే ఎక్కువగా చెప్పినవాడు బస్బీయే.

వారందరిలో మర్ఫీకి ప్రాణమైనవాడు డంకన్ ఎడ్వర్డ్స్. పద్ధెనిమిదేళ్లకే ఇంగ్లండు జాతీయ జట్టులో చేరిన బలశాలి. ఆయన గురించి ఒక కథ చెబుతారు. 1956 నుంచి మర్ఫీ మాంచెస్టర్ ఉద్యోగం చేస్తూనే వేల్స్ జాతీయ జట్టుకు కూడా మేనేజరుగా ఉన్నాడు. ఒకసారి వేల్స్‌కు ఇంగ్లండుతో పోటీ వచ్చింది. ఇంగ్లండు ఆటగాళ్లలో ఒక్కొక్కరి బలమేమిటో, లోపమేమిటో మర్ఫీ తన ఆటగాళ్లకు వివరించాడు. ఎడ్వర్డ్స్ పేరు మాత్రం ఎత్తలేదు. మరి అతని సంగతేమిటని ఒక ఆటగాడు అడిగాడు. అతని గురించి తాను ఏమి చెప్పినా లాభం లేదనీ, అతని దారికి అడ్డు వెళ్లకుండా ఉండడమే మేలనీ మర్ఫీ జవాబిచ్చాడట. తన శిష్యుడే ఎదుటి జట్టులో ఉంటే గురువుకు ఎంత ఇబ్బందో, ఎంత గర్వమో ఆ ఒక్క జవాబులో ఉంది.

1958లో ప్రపంచ కప్పు పోటీలు స్వీడన్‌లో జరగవలసి ఉంది. వేల్స్ తన బృందంలో రెండవ స్థానంలో నిలవడంవల్ల అర్హత పోగొట్టుకొంది. అంతలో అనుకోని అవకాశం వచ్చింది. ఆసియా, ఆఫ్రికా దేశాల బృందంలో ఇజ్రాయెల్‌తో పోటీపడవలసిన జట్లు ఒక్కొక్కటే తప్పుకొన్నాయి. ఒక్క పోటీ కూడా ఆడకుండా ఎవరినీ ప్రపంచ కప్పుకు పంపరాదని నియమం. అందువల్ల రెండవ స్థానంలో నిలిచిన జట్ల పేర్లతో చీట్లు వేశారు. మొదట వచ్చిన చీటీ బెల్జియానిది. ఆ దేశం వద్దంది. తరువాత వచ్చిన చీటీ వేల్స్‌ది. ఇజ్రాయెల్‌లో జరిగిన పోటీలో వేల్స్ 2–0తో గెలిచింది. రెండవ పోటీ వేల్స్‌లోని కార్డిఫ్ నగరంలో, 1958 ఫిబ్రవరి 5న.

అదే రోజున మాంచెస్టర్ యునైటెడ్ జట్టు యూరోపియన్ కప్పు పోటీకి యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో ఉంది. ఇటువంటి ప్రయాణాలలో విమానంలో బస్బీ పక్క కుర్చీ మర్ఫీది. వేల్స్ పని మానుకొని తానూ వస్తానని మర్ఫీ అన్నాడు. నీ దేశం పని నువ్వు చూసుకోమని బస్బీ చెప్పాడు. మర్ఫీ బదులు బెర్ట్ వాలీ అనే శిక్షకుడు బయలుదేరాడు. కార్డిఫ్‌లో వేల్స్ 2–0తో గెలిచి ప్రపంచ కప్పుకు అర్హత సంపాదించింది. బెల్‌గ్రేడ్‌లో మాంచెస్టర్ 3–3తో సమంగా ఆడి, అంతకుముందు గెలిచిన పోటీ బలంతో సెమీఫైనల్ చేరింది. మర్ఫీకి రెండు చోట్లా పండుగే.

మరునాడు, ఫిబ్రవరి 6న, జట్టు తిరిగివస్తున్న విమానం ఇంధనం కోసం జర్మనీలోని మ్యూనిక్‌లో దిగింది. మంచు కురుస్తోంది. విమానం రెండుసార్లు బయలుదేరబోయి ఆగిపోయింది. మూడవసారి రన్‌వే చివరిదాకా వెళ్లినా పైకి లేవలేకపోయింది. కంచెను దాటుకొని పోయి ఒక ఇంటిని ఢీకొని ముక్కలైంది. మొదట జర్మను విచారణ సంఘం రెక్కలమీది మంచు తొలగించలేదని పైలట్‌ను తప్పుపట్టింది. సగం కరిగి బురదలా మారిన మంచు రన్‌వే చివర పేరుకొని ఉందనీ, అది చక్రాల వేగాన్ని తగ్గించిందనీ, పైలట్ తప్పు లేదనీ 1969లో బ్రిటిష్ విచారణలో తేల్చారు. ఆ పైలట్ పదకొండేళ్లు ఆ నింద మోశాడు.

విమానంలో ఉన్నవారు 44 మంది. 23 మంది మరణించారు. వారిలో ఎనిమిదిమంది ఆటగాళ్లు. అందరిలో పెద్దవాడైన కెప్టెన్ రోజర్ బైర్న్‌కు 28 ఏళ్లు. ఎడ్డీ కోల్మన్‌కు 21. క్లబ్బు కార్యదర్శి, ఇద్దరు శిక్షకులు కూడా పోయారు. మర్ఫీ బదులు వెళ్లిన బెర్ట్ వాలీ వారిలో ఒకడు.

మర్ఫీ ఆ మధ్యాహ్నం కార్డిఫ్ నుంచి రైలులో మాంచెస్టర్ చేరి, టాక్సీలో నేరుగా ఓల్డ్ ట్రాఫర్డ్‌కు వెళ్లాడు. ఆయనకు ఏమీ తెలియదు. మెట్లెక్కుతూ ఉండగా కార్యాలయంలో పనిచేసే ఆమె ఎదురై చెప్పింది. మొదట ఆయనకు ఆ మాట మనసుకెక్కలేదు. ఆమె మళ్లీ చెప్పింది. మర్ఫీ తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకొని ఏడ్చాడు. ఆ తరువాత టెలిఫోను ముందు కూర్చొన్నాడు. ఎవరు బ్రతికారో, ఎవరు లేరో కనుక్కోవాలి. ఇళ్లలో ఎదురుచూస్తున్న తల్లిదండ్రులకు, భార్యలకు చెప్పాలి. ఆ పని చేయవలసిన పెద్దల్లో మిగిలింది తానొక్కడే.

మరునాడు మ్యూనిక్ ఆసుపత్రికి వెళ్లాడు. బస్బీ ప్రాణవాయువు గుడారంలో ఉన్నాడు. బ్రతుకుతాడన్న నమ్మకం వైద్యులకు లేదు. మర్ఫీ చేయి పట్టుకొని, తాను తిరిగి వచ్చేవరకు జెండా దింపవద్దని బస్బీ గొణిగాడు. మరొక మంచం మీద డంకన్ ఎడ్వర్డ్స్ ఉన్నాడు. శనివారం జరిగే పోటీ ఎన్ని గంటలకని మర్ఫీని అడిగాడు. ఆ పోటీలో తాను తప్పక ఆడాలన్నాడు. పదిహేను రోజులు మృత్యువుతో పెనుగులాడి ఫిబ్రవరి 21న కన్నుమూశాడు. అతనికి 21 ఏళ్లు.

ఇక్కడొక ప్రశ్న పుట్టింది. ఈ క్లబ్బును కొంతకాలం మూసివేయాలా? మూసివేయాలన్నవారూ ఉన్నారు. అలా అనడంలో అన్యాయమేమీ లేదు. ఒక ఊరంతా శవపేటికలు మోస్తున్న రోజుల్లో బంతి ఆడమనడం కఠినంగానే తోస్తుంది. మర్ఫీ మాత్రం ఆడాలనే అన్నాడు. బస్బీకి ఇచ్చిన మాట ఒక కారణం. మిగిలిన కుర్రవాళ్లను దుఃఖంలో ఊరికే కూర్చోబెడితే వారు మళ్లీ లేవరన్న భయం రెండవది కావచ్చు. తాను కూర్చొన్నా తానూ లేవలేనని కూడా ఆయనకు తెలిసే ఉంటుంది.

పోటీకి గడువు పదమూడు రోజులు. ప్రమాదంలో బ్రతికి ఆడగల స్థితిలో ఉన్నవారు ఇద్దరే: బిల్ ఫోక్స్, గోల్‌కీపర్ హ్యారీ గ్రెగ్. కూలిన విమానంలోకి తిరిగి వెళ్లి ఒక పసిపాపనూ, ఆమె తల్లినీ బయటకు తెచ్చినవాడు ఈ గ్రెగ్. ఆ ఇద్దరినీ మర్ఫీ రైలులో వెంటబెట్టుకొని వచ్చాడు. మాంచెస్టర్‌లో రోజూ అంత్యక్రియలు జరుగుతున్నాయి. పిల్లల కళ్ల ముందు అది ఉండకూడదని జట్టును బ్లాక్‌పూల్ అనే సముద్రతీరపు ఊరికి తీసుకువెళ్లాడు. అంత్యక్రియలకు తాను వెళ్లేవాడు, వచ్చేవాడు, శిక్షణ ఇచ్చేవాడు. ఆటగాళ్లకోసం ఊళ్లు తిరిగాడు. ఎర్నీ టేలర్ అనే అనుభవజ్ఞుడిని బ్లాక్‌పూల్ క్లబ్బునుంచి తెచ్చాడు. బిషప్ ఆక్లండ్ అనే చిన్న క్లబ్బు, జీతం లేకుండా సరదాకు ఆడేవారి క్లబ్బు, సహాయార్థం ముగ్గురు ఆటగాళ్లను పంపింది. స్టాన్ క్రౌథర్ అనేవాడి ఒప్పందం మీద సంతకం పడేసరికి ఆట మొదలు కావడానికి గంటంబావు మాత్రమే ఉంది. అతడు అప్పటికే వేరే జట్టు తరఫున అదే కప్పులో ఆడి ఉన్నాడు. నియమం ఒప్పుకోదు. ఫుట్‌బాల్ సంఘం ప్రత్యేకంగా అనుమతి ఇచ్చింది. మిగిలిన ఖాళీలలో మర్ఫీ తన చిన్న జట్ల పిల్లలను నింపాడు.

ఆ రాత్రి మాంచెస్టర్ యునైటెడ్ 3–0తో గెలిచింది. పెద్ద జట్టులో మొదటిసారి ఆడుతున్న షే బ్రెన్నన్ రెండు గోళ్లు చేశాడు. అలెక్స్ డాసన్ ఒకటి చేశాడు. ఇద్దరూ మర్ఫీ చేతిలో పెరిగినవారే. ఇరవై మూడేళ్ల కిందట మర్ఫీని ఫైనల్లో ఓడించిన షెఫీల్డ్ వెన్స్‌డేదే ఈ ఓటమి. అయితే ఆ జట్టువారి మీద కోపం తెచ్చుకోవలసిన పని లేదు. ఆనాడు దేశంలో ఎవరూ వారు గెలవాలని కోరుకోలేదు, పాపం.

కప్పు తరువాతి ఘట్టంలో ఎదురైనది వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్, మర్ఫీ పదకొండేళ్లు ఆడిన క్లబ్బు. మొదటి పోటీ 2–2తో సమం. తిరిగి ఆడినప్పుడు మాంచెస్టర్ 1–0తో గెలిచింది. సెమీఫైనల్లో ఫుల్‌హాంతో మొదట 2–2, మళ్లీ ఆడి 5–3. అలా మే 3న ఫైనల్ చేరారు. అక్కడ బోల్టన్ చేతిలో 0–2తో ఓడిపోయారు. ఊతకర్ర సాయంతో వచ్చిన బస్బీ ఆ ఆట చూశాడు. లీగులో మాత్రం ప్రమాదం తరువాత ఒకే ఒక్క పోటీ గెలిచారు. ఈ సంగతి కూడా చెప్పాలి. కుర్రవాళ్ల ధైర్యం కొన్ని రాత్రులు అద్భుతాలు చేయగలదు గాని, పోయిన ఎనిమిదిమంది బదులు ప్రతి వారమూ ఆడలేదు.

నెల తిరిగేసరికి మర్ఫీ స్వీడన్‌లో ఉన్నాడు. వేల్స్ అంతవరకు ప్రపంచ కప్పులో ఆడలేదు. మూడు పోటీలూ సమంగా ముగిశాయి: హంగరీతో 1–1, మెక్సికోతో 1–1, స్వీడన్‌తో 0–0. హంగరీ, వేల్స్ సమంగా నిలవడంతో జూన్ 17న మళ్లీ ఆడించారు. చూడడానికి వచ్చినవారు మూడు వేలమంది కూడా లేరు. వేల్స్ 2–1తో గెలిచింది. అయితే హంగరీవారి మొరటు ఆటవల్ల వేల్స్ జట్టులో అందరికంటే గొప్పవాడైన జాన్ చార్ల్స్ గాయపడ్డాడు. రెండు రోజులకే క్వార్టర్ ఫైనల్. అతడు లేకుండానే బ్రెజిల్‌తో తలపడవలసి వచ్చింది. గంట దాటినా బ్రెజిల్ గోలు చేయలేకపోయింది. చివరకు ఒక పదిహేడేళ్ల కుర్రవాడు బంతిని అందుకొని, ఒడుపుగా తిరిగి తన్నాడు. వేల్స్ 0–1తో ఓడింది. ఆ కుర్రవాడు పీలే. ప్రపంచ కప్పులో అతని మొదటి గోలు అదే. ఆ ఏడు కప్పు బ్రెజిల్‌దే. వేల్స్ మళ్లీ ప్రపంచ కప్పులో అడుగుపెట్టడానికి 64 ఏళ్లు పట్టింది, 2022లో.

అదే ఏడాది బస్బీ కోలుకొని మేనేజరుగా తిరిగి వచ్చాడు. మర్ఫీ ఆ కుర్చీ ఖాళీచేసి, మారుమాట లేకుండా తన పాత రెండవ కుర్చీలోకి వెళ్లాడు. పెద్ద క్లబ్బులు ఆయనను మేనేజరుగా రమ్మని పిలిచాయని చెబుతారు. ఆయన వెళ్లలేదు. ముందు నిలబడి పత్రికలవారితో మాట్లాడడం ఆయనకు ఇష్టంలేని పని. బూట్లు వేసుకొని పిల్లల మధ్య నిలబడడం ఇష్టమైన పని. కొత్తతరం పిల్లలను పెంచాడు. 1964లో యూత్ కప్పు మళ్లీ వచ్చింది. మ్యూనిక్ తరువాత పదేళ్లకు, 1968 మే 29న, మాంచెస్టర్ యునైటెడ్ లండన్‌లో పోర్చుగల్ జట్టు బెన్‌ఫికాను 4–1తో ఓడించి యూరోపియన్ కప్పు గెలిచింది. ఇంగ్లండు క్లబ్బు ఆ కప్పు గెలవడం అదే మొదలు. నాటి ఆటగాళ్లలో చార్ల్‌టన్, ఫోక్స్ మ్యూనిక్ ప్రమాదం నుంచి బయటపడినవారు. బ్రెన్నన్ ఆ పదకొండు ఖాళీలలో ఒకదాన్ని పూరించినవాడు.

మర్ఫీ 1971లో సహాయక మేనేజరు పదవి విడిచాడు. 1989 నవంబరు 14న మరణించాడు. బస్బీ విగ్రహం ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 1996లోనే వెలిసింది. మర్ఫీ విగ్రహాన్ని 2023 మే 3న ప్రతిష్ఠించారు. 1990 నుంచి ఆ క్లబ్బులో ప్రతి ఏటా ఉత్తమ యువ ఆటగాడికి ఇచ్చే బహుమతికి ఆయన పేరు పెట్టారు. 1991లోను, 1992లోను దానిని అందుకొన్నవాడు కార్డిఫ్‌లో పుట్టిన వేల్స్ కుర్రవాడు, ర్యాన్ గిగ్స్.

అభ్యాసం

కొత్త పదాలు – అర్థాలు
శిథిలమగు = పాడుపడు, కూలిపోవు
విడమరచి = వివరంగా
ఒడుపు = నేర్పు, మెలకువ
పాలు = వంతు, భాగం
గడువు = ఇచ్చిన సమయం

ప్రశ్నలు
1. మర్ఫీ బెల్‌గ్రేడ్ ప్రయాణంలో ఎందుకు లేడు?
2. ‘పేరు బస్బీది, పెంపకంలో పెద్ద పాలు మర్ఫీది’ అనడానికి పాఠంలో ఉన్న ఆధారాలు చూపండి.
3. ప్రమాదం తరువాత క్లబ్బును కొంతకాలం మూసివేయాలని కొందరు అన్నారు. మీరైతే ఏమంటారు? ఎందుకు? పది వాక్యాలలో వ్రాయండి.
4. మర్ఫీ పిల్లలకు ఆట నేర్పిన పద్ధతిని మీ మాటల్లో వ్రాయండి.

భాషాంశాలు
1. విడదీసి సంధి పేరు వ్రాయండి: వారందరూ, మొదలైంది, సహాయార్థం.
2. సొంత వాక్యాలలో ప్రయోగించండి: ఒక్కొక్కటే, మారుమాట లేకుండా, అంతంత మాత్రమే.

చేసి చూడండి
మీ ఊరిలో పిల్లలకు ఆటగాని, సంగీతంగాని, చేతిపనిగాని నేర్పే ఒకరిని కలిసి, వారు నేర్పే పద్ధతిని అడిగి తెలుసుకొని తెలుగులో ఒక పుట వ్రాయండి.